పంచదార బండి

పొద్దున్న ఆరుంబావుకి మా వంటింట్లోకి రైలొచ్చేది. మూడు నెలల పాటు రాలేదు. టీ కాచుకుని, ఎక్కడ కూర్చోవాలో తెలియక, స్టవ్వు గట్టు దగ్గరే నిలబడి తాగేసేదాన్ని.

మా ఆయనకి ఒకటే పిచ్చి. పక్కపక్కనున్న రెండు వస్తువులు ఒకే ఎత్తులో లేకపోతే ఆయనకి అన్నం సయించేది కాదు.

కళ్ళజోళ్ళ దుకాణంలో ముప్ఫై ఏళ్ళు పనిచేశారు. వచ్చినవాళ్ళకి చూపు ఎలా ఉందో తర్వాత చెప్పేవారు, ముందు చెవుల సంగతి చెప్పేవారు. ఒకావిడకి, "మీ ఎడమ చెవి ఒక నూలు కిందికుందమ్మా" అన్నారట. ఆవిడ కళ్ళజోడు మానేసి అద్దం కొనుక్కుని వెళ్ళిపోయింది. మా ఇద్దరి మొదటి ఫొటోలో మేం సమానంగా కనిపిస్తాం. నా కాళ్ళ కింద రెండు ఇటుకలున్నాయి. అవి పెట్టింది ఆయనే.

ఈ పిచ్చి పండింది బొమ్మ రైళ్ళలో. అరచేతిలో పట్టే బొమ్మలు కావవి, ఒక్కో పెట్టె మూరెడు పొడవు. పెట్టెకీ పెట్టెకీ మధ్య వేళ్ళు ముడిచి పట్టుకున్నట్టు ఉండే కొక్కేన్ని కప్లింగు అంటారు. ఒక్కో కంపెనీవాడు దాన్ని ఒక్కో ఎత్తులో పెడతాడు. ఎత్తు కలవకపోతే ఒకటి ఇంకోదాని గడ్డం కిందనుంచి జారిపోతుంది. మా ఆయన పెట్టెని బోర్లా పడుకోబెట్టి, మరలు వదులు చేసి, పల్చటి వాషరు ఒకటి దూర్చి, మళ్ళీ బిగించి, పట్టాల మీద నిలబెట్టి, రేకుముక్క కొలత ఆనించి ఒక కన్ను మూసి చూసేవారు.

"ఇంకో అర నూలు కావాలోయ్."

"నా దిండు కనబడటం లేదు."

"బండి బోర్లా పడుకుంటే కింద మెత్తగా ఉండొద్దూ?"

"మరి నేను?"

"నువ్వు వెల్లకిలా పడుకుంటావుగా!"

ఆయన నడుము వంగదు. అందుకని పనిబల్ల తన ఎత్తుకి చేయించుకుని నిలబడే పనిచేసేవారు. ఒక ఏడాది ఆ బల్ల నుంచి నడవా గోడ పొడుగునా సన్నటి చెక్క బిగించి, గోడకి కన్నం కొట్టి, పట్టాలు వంటింట్లోకి తెచ్చేశారు. కన్నం కొట్టేరోజు నన్ను గోడ పక్కన నిలబెట్టారు.

"చేతిలో గ్లాసు పట్టుకో. కదలకు."

"పాలు పొంగుతున్నాయండీ!"

"పొంగనీ. నువ్వు పొంగకు."

పెన్సిలుతో గోడమీద ఒక గీత గీశారు. స్టవ్వు కడుక్కోవడానికి నాకు గంట పట్టింది.

మర్నాటినుంచి రైలు మొదలు. ముందు ఇంజను, దాని వెనక టీ బండి, ఆఖర్న పంచదార బండి. ఖాళీ గ్లాసు వంటింట్లోకి వస్తుంది, నేను నింపుతాను, ఆయన గదిలో మీట తిప్పుతారు. టీ బండి కులాసాగా వెళ్ళిపోయేది. పంచదార బండి మాత్రం నాలుగడుగులు వెళ్ళి, కొక్కెం ఊడి, జర్రుమని వెనక్కి నా దగ్గరికే వచ్చేది.

"ఏమోయ్! పంచదార రాలేదు!"

"నా దగ్గరికే వచ్చిందండీ!"

అప్పుడాయన గ్లాసు పట్టుకుని వంటింట్లోకి నడిచొచ్చి, పంచదార వేసుకుని, నిలబడి తాగి, "ఇవాళ కొక్కెం మార్చేస్తాను" అని వెళ్ళేవారు. పదకొండేళ్ళు మార్చారు. ఇత్తడివి, ప్లాస్టిక్‌వి, స్ప్రింగున్నవి, లేనివి. ఊళ్ళో అందరి చెవులూ కొలిచిన మనిషి ఒక్క పంచదార బండిని కుదర్చలేకపోయాడని మా తమ్ముడు ఏడిపించేవాడు. "బావా, టీలోనే పంచదార కలిపి పంపించమనొచ్చుగా!" అంటే, "అప్పుడు రెండో బండి ఎందుకురా?" అనేవారు.

ఆయన పోయాక తమ్ముడు సెలవు పెట్టి నాకు తోడుగా వచ్చాడు. వచ్చినవాడు ఊరికే ఉండడు. "అక్కా, గోడలు మసిబారాయి. ఆ చెక్క పీకేసి రంగులు వేయిద్దాం. రైలు బొమ్మరైళ్ళ సంఘంవాళ్ళకి ఇచ్చేద్దాం, బావ పేరు చెప్పుకుని నడుపుకుంటారు" అన్నాడు. నాకు మనసొప్పలేదు. కాదనడానికి కారణమూ దొరకలేదు. సరేనన్నాను.

సంఘం పెద్దాయన అట్టపెట్టెలు పట్టుకుని వచ్చాడు. "విప్పేముందు ఒక్కసారి నడపండి, చూస్తాను" అని అడిగాను. నడిపాడు. టీ బండి వెళ్ళింది. పంచదార బండి నాలుగడుగులు వెళ్ళి జర్రుమంటూ వెనక్కొచ్చింది. తమ్ముడు నవ్వాడు. పెద్దాయన నవ్వలేదు. కొక్కెం కింద రేకు ఆనించి చూశాడు.

"ఎత్తు వెంట్రుకవాసి తేడా లేదే! ఒక మర వదులైంది, అంతే. దానికే ఇలా ఊడదు."

జేబులోంచి మట్టం తీసి చెక్కమీద పెట్టాడు. అందులో బుడగ ఒక పక్కకి పరుగెత్తింది.

"చెక్క ఏటవాలుగా ఉందమ్మా! ఆ గదికీ ఈ వంటింటికీ జానెడు తేడా. ఎత్తు ఎక్కేచోట కొక్కెం పైకి లేచి ఊడుతుంది. మా సంఘంలో నిన్న చేరినవాడిక్కూడా తెలిసిన సంగతి. ఆయనే కదా మాకు నేర్పింది!"

"కొండ రైలు, చూడ్డానికి బాగుంటుందని మా ఆయన అన్నారండీ."

"బాగుండటానికి పదకొండేళ్ళు కొక్కేలు మార్చారా? ఈ చివర జానెడు పైకెత్తితే ఒక్క బండీ ఊడదు. పది నిమిషాల పని. ఇదుగో, ఇక్కడికి రావాలి" అని గోడమీద వేలు పెట్టి చూపించాడు.

ఎందుకో ఆ వేలు దగ్గరికి చెయ్యెత్తబోయాను. నా కుడి భుజం పట్టేసి చాలా ఏళ్ళయింది. చెయ్యి రొమ్ము దాకా లేచి ఆగిపోయింది. ఆగినచోట, చెక్క అంచు పక్కన, పాత పెన్సిలు గీత కనబడింది. భుజం పట్టేసిన ఏడాదే ఈ పట్టాలు వచ్చాయని అప్పుడు గుర్తొచ్చింది. పాలు పొంగిన సంగతే ఇన్నాళ్ళూ గుర్తుపెట్టుకున్నాను.

ప్రపంచంలో రెండు వస్తువులు ఎత్తు కలవకపోతే అన్నం సయించని మనిషి, తన ఇంట్లో జానెడు తేడా పెట్టుకుని, దానిమీద రోజూ ఓడిపోతూ టీ తాగాడన్నమాట.

"విప్పొద్దండీ" అన్నాను. "ఎత్తొద్దు కూడా."

"మరి రంగులో అక్కా?"

"చెక్కకి పైన వేయించు, కింద వేయించు. చెక్క జోలికి పోకు."

పెద్దాయన అట్టపెట్టెలు మడిచేసుకున్నాడు. తమ్ముడికి మీట తిప్పడం నేర్పి, వెళ్తూ వెళ్తూ నా చేతిలో చిన్న స్క్రూడ్రైవరు పెట్టాడు.

"ఆ పంచదార బండి మర ఒక్కటైనా బిగించండమ్మా. రెండు తిప్పులు చాలు."

మర్నాడు ఆరుంబావుకి ఖాళీ గ్లాసు వంటింట్లోకి వచ్చింది. నింపాను. గదిలో తమ్ముడు మీట తిప్పాడు. టీ బండి నడవాలోకి వెళ్ళింది. పంచదార బండి జర్రుమని వెనక్కి వచ్చి నా చేతికి తగిలింది.

"అక్కా! పంచదార రాలేదు!"

"నా దగ్గరికే వచ్చిందిరా! నడిచి రా!"

స్క్రూడ్రైవరు గట్టుమీదే ఉంది. దాన్ని కాస్త పక్కకి జరిపి, తమ్ముడికి గ్లాసు పెట్టుకునే చోటు చేశాను.