మెట్ల కింద చెప్పులు

ఎవరింటికి వెళ్ళినా నా కళ్ళు ముందు గడప బయట చెప్పుల మీదికి పోతాయి. చెప్పులుంటే మనిషి లోపల ఉన్నట్టే. ఇది మనకెవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. కానీ ఆదోనిలో ఆ ఒక్క జత చూసిన తర్వాత, తాళం వేసిన ఇంటి ముందు చెప్పులు కనపడితే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

డెబ్భైల చివర్లో నేను ఎమ్మిగనూరు నుంచి రోజూ ఎర్రబస్సులో ఆదోనికి వచ్చి ఆడపిల్లల కాలేజీలో చరిత్ర చెప్పేదాన్ని. బస్టాండు నుంచి కాలేజీకి పోయే దారిలో మూతబడిన పత్తి జిన్నింగు మిల్లు ఒకటి ఉండేది. వెనకాల షెడ్లు కాలి కూలిపోయాయి. ముందున్న ఆఫీసు మాత్రం చెక్కుచెదరలేదు. తెల్లవాళ్ళ కాలంలో కట్టింది. ఎత్తైన అరుగు, ఒక్క ముందు వైపే మెట్లు, మెట్ల పైన ఆరు రాతి స్తంభాలు, వాటి నెత్తిన ముక్కోణపు ముఖం. మిట్టమధ్యాహ్నం ఊరంతా పెనంలా కాలుతున్నా ఆ స్తంభాల వెనక చీకటి పలచబడేది కాదు.

పుస్తకంలో అరిగిపోయిన గ్రీకు గుడి బొమ్మ చూపించి పాఠం చెప్పడమంటే నాకు చిరాకు. కళ్ళెదుట అంత స్తంభం పెట్టుకుని బొమ్మెందుకని ఒకరోజు పిల్లల్ని అక్కడికే తీసుకుపోయాను.

గ్రీకుల గుడి జనం చేరే చోటు కాదని చెప్పాను. అది దేవుడు కాపురముండే ఇల్లు. లోపలి గదిలో విగ్రహం ఉంటుంది, తలుపు సాధారణంగా తూర్పుకు ఉంటుంది. బలిపీఠం బయట, నిప్పు బయట, జనమూ బయటే. తలుపులు తీసిన రోజున దేవుడు లోపలి చీకట్లోంచి బయటి నిప్పును చూస్తాడు. చుట్టూ స్తంభాలు, చుట్టూ మెట్లు. స్తంభాన్ని నడుమ దగ్గర కాస్త ఉబ్బుగా చెక్కేవాళ్ళు, లేకపోతే కంటికి అక్కడ సన్నబడినట్టు కనిపిస్తుందని. రోమన్లు ఆ ఇంటినే ఎత్తు అరుగు మీదికెక్కించి, మెట్లు ఒక్క ముందు వైపే పెట్టారు. ఇంకో దారి లేదు. తలెత్తి చూడాలి, తల వంచుకుని ఎక్కాలి. రాజ్యమేలేవాళ్ళకు ఆ ముఖం ఎందుకు నచ్చదు? బ్యాంకుకూ కచేరీకీ, చివరికి మన పత్తి మిల్లుకూ తెల్లవాళ్ళు అదే తగిలించారు.

"దేవుడు పోయినాక ఆ ఇల్లు ఏమయితాది మేడం?" అని ఒక పిల్ల అడిగింది.

"ఏమవుతుంది, ఖాళీగా నిలబడి ఉంటుంది. రాయి కదా," అన్నాను.

ఆ పిల్ల పైకెక్కడానికి కాలు పెట్టబోయినచోట ఒక జత మగవాళ్ళ తోలు చెప్పులున్నాయి. పక్కనే మూడు రాళ్ళ పొయ్యి మీద శనక్కాయలు ఉడకబెట్టి అమ్ముకునే ఆవిడ చటుక్కున చెయ్యి అడ్డం పెట్టింది.

"తగలొద్దు తల్లీ. మనిషి లోపలుండాడు."

తలుపుకేసి చూశాను. పెద్ద తాళం, తాళం నిండా తుప్పు. పిల్లలు నవ్వలేదు, నేనూ నవ్వలేదు.

ఆ తర్వాత రోజూ సాయంత్రం బస్సుకు ముందు ఆవిడ దగ్గర శనక్కాయలు కొని కాసేపు కూర్చునేదాన్ని. అక్కా అని పిలిచేదాన్ని. వాళ్ళది హొళగుంద వైపు పల్లె. వానల్లేక ఆదోనికి వచ్చి మొగుడు ఈ మిల్లులో పత్తి నమూనాలు మోసే పనిలో కుదిరాడు. ఆ వైపు పల్లెల నుంచి పత్తి తెచ్చే రైతులు ఈ భవనాన్ని చూడగానే గుడనుకుని చెప్పులు విడిచి, దండం పెట్టి ఎక్కేవాళ్ళట. "ఈడ దేవుడు లేడప్పా, గుమాస్తానే ఉండేది" అని లోపలివాళ్ళు ఆటపట్టించేవాళ్ళట. కొత్తవాళ్ళు ఒకసారి నవ్వులపాలయ్యాక మానుకునేవాళ్ళు. ఈవిడ మొగుడు మాత్రం ఏళ్ళ తరబడి పనిచేసినా మానలేదు. స్తంభాలున్నచోట చెప్పులతో ఎక్కడం ఆయన వల్ల కాలేదు.

నేను ఆదోనికి రాకముందెప్పుడో ఒక మధ్యాహ్నం అలాగే చెప్పులు విడిచి నమూనాల గదిలోకి పోయాడు. వెనక బేళ్ళు కట్టే ప్రెస్సు షెడ్డులో నిప్పంటుకుంది. పత్తి కదా, చూస్తుండగానే ఆ గదిదాకా వచ్చింది. ఆరిన తర్వాత గుమ్మంలోంచి చూస్తే బూడిదే. అందులో పత్తి ఏదో, మనిషి ఏదో ఎవరూ చెప్పలేకపోయారు. తలుపుకు తాళం పడింది, మిల్లు మళ్ళీ తెరవలేదు.

చెప్పులు మాత్రం మెట్ల కింద, లోపలికి ముఖం పెట్టి, ఆయన విడిచినట్టే ఉన్నాయి. ఎండిపోకుండా ఆవిడ వాటికి ఆముదం రాసేది. చీకటి పడే వేళకు వాటి పక్కన దీపం పెట్టి, తలుపుకేసి మామూలుగా మాట్లాడేది. "ఈ పొద్దు గిరాకీ లేదు," అనేది. అలా అని కాసేపు ఆగేది. ఆ ఆగడమే నాకు భయం. నేనూ చెవులు రిక్కించేదాన్ని, బస్సు తప్పిపోతుందని తెలిసి కూడా.

ఆవిడ మరుదులు వచ్చి పోరుపెట్టేవాళ్ళు. కర్మ చేయాలి, బొట్టూ గాజులూ తీసేయాలి, ఊళ్ళో తలెత్తుకోలేకపోతున్నామని.

"సెప్పులు ఆడుండంగా మనిషి లేడని ఎట్లంటారప్పా?" అనేది. "ఎవురన్నా లోపలికి పోయి, సూసి, లేడని సెప్పనీ. నేనే తీస్తా."

ఇంటికి వచ్చి చెబితే మా అమ్మ మండిపడింది. "కందకు లేని దురద కత్తిపీటకెందుకే? నువ్వు పాఠం చెప్పుకోని రా."

మరుసటి ఎండాకాలం మిల్లు అమ్ముడుపోయిందన్నారు. నేను బస్టాండు నుంచి వచ్చేసరికి తాళం పగలగొట్టి తలుపులు బార్లా తీసి ఉన్నాయి. పడగొట్టడానికి వచ్చిన కూలీలు గడ్డపారలు పట్టుకుని కిందే నిలబడ్డారు. వాళ్ళ చెప్పులు కూడా మెట్ల కింద వరసగా ఉన్నాయి. ముందు ఎక్కేవాడు లేడు. మేస్త్రీ తిడుతున్నా కదలలేదు.

ఆవిడ నా దగ్గరికి వచ్చింది. "టీచరమ్మా, ఇట్లాంటి ఇంట్లో లోపలి గదిలో ఉంటారని నువ్వే సెప్పినావు గదా. నువ్వు సూసి రా. నువ్వు సెప్తే నేను నమ్ముతా."

నేను చెప్పింది రాతి విగ్రహం గురించి. ఆవిడ చేతికి ఆకుపచ్చ గాజులు నిండుగా ఉన్నాయి. ఆలోచించకుండానే చెప్పులు విడిచి మెట్లెక్కాను.

లోపల హాలు, దాని వెనక ఆ నమూనాల గది. కిటికీ లేదు. గోడలు నల్లగా కాలి ఉన్నాయి. నేల మీద దుమ్ము మెత్తగా పాదాలకు అంటుకుంది. ఇంకేమీ లేదు. బల్ల లేదు, గుడ్డపేలిక లేదు. ఇన్నేళ్ళు మూసి ఉన్న గది ముక్కవాసన కొట్టాలి కదా, కొట్టలేదు. అప్పుడప్పుడే ఎవరో లేచి పోయిన పరుపులా వెచ్చగా ఉంది.

వెనక్కి తిరిగాను. హాలు దాటి, తెరిచిన తలుపులోంచి, రెండు స్తంభాల మధ్య సరిగ్గా ఆవిడ పొయ్యి కనిపించింది. మంట, పొగ, పక్కన ఆవిడ. ఈ గదిలో ఎవరు నిలబడినా వాళ్ళకు కనిపించేది అదొక్కటే. నా భుజం వెనక నుంచి ఇంకెవరో కూడా అటే చూస్తున్నట్టనిపించింది. తల తిప్పడానికి ధైర్యం చాలలేదు. అలాగే నడిచి బయటికి వచ్చాను.

"ఉండాడా?" అంది.

ఉన్నాడంటే గాజులు నిలుస్తాయి. కానీ నా కళ్ళకు కనిపించింది ఖాళీ గదే.

"లేడక్కా. ఆ గదిలోంచి చూస్తే నీ పొయ్యే కనిపిస్తుంది."

ఆవిడ ఏడవలేదు. పొయ్యి ముందు కూర్చుని కట్టెలు బయటికి లాగి నీళ్ళు చల్లింది. చెప్పులు కొంగుతో తుడిచింది. ఇన్నేళ్ళూ లోపలికి ముఖం పెట్టి ఉన్న వాటిని, దిగి వచ్చేవాడు వేసుకునేందుకు వీలుగా వీధి వైపు తిప్పి పెట్టింది. తర్వాత తన గంప మెట్ల ముందు నుంచి పక్కకు జరిపింది.

"దావకు అడ్డముండొద్దు టీచరమ్మా," అంది.

నేను కూడా పక్కకు జరిగాను.