ముల్లు చెప్పని వేడి

మొన్న మంగళవారం పొద్దున మేస్త్రి కూతురు వరుస దాటుకుని నా క్లినిక్ గదిలోకి వచ్చింది. బీపీ గోలీల కోసం వచ్చిందనుకుని చీటీ తీసుకుని రాయడం మొదలుపెట్టాను. ఆమె నా చేతి మీద చెయ్యి వేసి ఆపింది.

"గోలీలకు రాలే డాక్టరమ్మా. బాపు తెల్లారంగ పోయిండు. మీకు చెప్పకుంటే మంచిగుండదని వచ్చిన."

సగం రాసిన మందు పేరు అలాగే ఉండిపోయింది. జ్వరంతో ఉన్న ఇద్దరిని మాత్రం చూసి, మిగతావాళ్లను సాయంత్రం రమ్మని చెప్పి ఆమె వెంట నడిచాను.

మేస్త్రి అంటే కరీంనగర్‌లో లారీలు, జీపులు నడిపేవాళ్లందరికీ తెలుసు. హుజూరాబాద్ రోడ్డు మీద బండ్లు బాగుచేసే రేకుల షెడ్డు ఒకటి ఆయనకు ఉండేది. అరవై తొమ్మిదిలో ఆదిలాబాద్ అడవుల్లో కలప లారీల మీద క్లీనర్‌గా చేరి, ఘాట్ రోడ్ల మీద మరిగిపోయే ఇంజన్లకు నీళ్లు పోస్తూ పని నేర్చుకున్నాడట. ఆ దిక్కు నుంచి తెచ్చుకున్న మరాఠీ మాట ఒకటి ఆయన నోట్లో ఎప్పుడూ ఉండేది. "తాంబా" అనేవాడు, ఆగమని. తొందరపడే మనుషులకూ అదే మాట, మొరాయించే ఇంజన్లకూ అదే మాట. చదువు నాలుగో తరగతి దాకా, ఉర్దూలో. ఏ బండికి ఏం చేశాడో జేబులోని చిన్న పుస్తకంలో కుడి నుంచి ఎడమకు రాసుకునేవాడు.

ఆయన నాకు పరిచయమైంది మా అన్న కారు వల్ల.

అన్న బొంబాయిలో ఓడల కంపెనీలో గుమాస్తాగా ఉండేవాడు. అక్కడెవరో వదిలించుకుంటుంటే ఒక పాత జపాన్ కారు కొన్నాడు. ఎర్రది, రెండే తలుపులు, నేలకు ఆనుకుని పోయేది. దానికి టర్బో ఉంది. అంటే ఇంజన్ వదిలే పొగ బలంతోనే తిరుగుతూ ఇంజన్‌లోకి మరింత గాలిని తోసే చిన్న పంఖా. బండికి చిరుతలాంటి ఉరుకు ఇచ్చేదీ అదే, కొలిమిలా కాలేదీ అదే. అమ్మను, మేం అవ్వ అనేవాళ్లం, అందులో నిర్మల్ తీసుకుపోతానని అన్న ఎన్నిసార్లు అన్నాడో. బయలుదేరే ముందు తానొక్కడే కొంత దూరం నడిపి చూసుకునేవాడు. ప్రతిసారీ ఎక్కడో ఒకచోట ఆగిపోయేది. బానెట్ కింద కాలిన వాసన, రంగు పొక్కులు లేవడం, ఆపితే మళ్లీ గంట దాకా స్టార్ట్ కాకపోవడం. తొంభైలో సెలవు మీద ఇంటికి వచ్చినవాడు, కామెర్లు ముదిరి, నెల తిరగకుండానే పోయాడు. అప్పటికి అవ్వ ఒక్కసారి కూడా ఆ కారు ఎక్కలేదు.

మా బాపు దాన్ని ఎవరికైనా ఇచ్చేద్దామన్నాడు. అవ్వ ఇవ్వనివ్వలేదు. అలాగని దాని వైపు చూసేదీ కాదు. రెండేళ్లు తాటిపత్రి గుడ్డ కింద ఉన్నాక నేనే దాన్ని బయటికి తీశాను. పట్నంలో పెద్ద షెడ్డుకు పంపితే రేడియేటర్ మార్చారు, నీళ్ల పంపు మార్చారు, ఇక ఫికర్ లేదన్నారు. తిరిగి వచ్చేటప్పుడు సగం దారిలో మళ్లీ అదే వాసన.

లారీల మేస్త్రికి ఈ కారు సంగతి ఏం తెలుస్తుందనుకుంటూనే ఆయన దగ్గరికి వెళ్లాను. కారును చూడగానే గుర్తుపట్టాడు. "మీ అన్న బండి గదా. ఒక్కసారి తెచ్చిండు," అన్నాడు. బానెట్ ఎత్తలేదు. స్టూలు జరిపి నన్ను కూర్చోబెట్టి అడగడం మొదలుపెట్టాడు. వాసన ఎప్పుడొస్తుంది, ఉరికేటప్పుడా, ఆపినాకనా? ఏ పక్క నుంచి? మిట్ట ఎక్కితే ఎక్కువవుతుందా? నేను రోగులను అడిగే తీరే అది. టెంపరేచర్ ముల్లు ఎప్పుడూ మధ్యలోనే ఉంటుందని, కానీ బానెట్ మీద చెయ్యి పెట్టలేమని చెప్పాను.

"ముల్లు నీళ్ల సంగతి చెప్తది డాక్టరమ్మా. గాలి సంగతి దానికేం ఎర్క?"

మర్నాడు నేను వెళ్లేసరికి ఇంజన్ చుట్టూ ఏడెనిమిది చోట్ల చిన్న రేకు ముక్కలు తీగతో కట్టి ఉన్నాయి. ఒక్కొక్క దాని మీద రెండు చుక్కలు. ఒకటి కొవ్వొత్తి మైనం, ఇంకొకటి పోస్టాఫీసులో పార్సిళ్లకు ముద్ర వేసే లక్క. మైనం కరిగితే మామూలు వేడి, లక్క కూడా జారితే రోగం అక్కడ ఉన్నట్టు. నా జీవితంలో చూసిన థర్మామీటర్లలో దానంత అందమైనది లేదు.

సుల్తానాబాద్ దాకా నడిపాను. ఆయన పక్కన కూర్చుని చెవి డాష్‌బోర్డుకు ఆనించి వచ్చాడు. ఊరి బయట వరిపొలాల పక్కన ఆపి బానెట్ ఎత్తాం. టర్బో పైన ఒక్క చోట తప్ప లక్క ఎక్కడా జారలేదు, అక్కడ జారడం మామూలే. నేను నిరాశపడ్డాను. "తాంబా," అన్నాడు. ఇంజన్ బంద్ చేయించి ఊరికే నిలబడ్డాడు. పది నిమిషాలయ్యాక మా కళ్ల ముందే పెట్రోల్ పైపు పక్కనున్న లక్క మెత్తబడి కిందికి జారింది. ఉరికేటప్పుడు ముందు నుంచి వచ్చే గాలి వేడిని తోసేస్తోంది. ఆపగానే గాలీ లేదు, నీళ్ల తిరుగుడూ లేదు. కాలిన టర్బో వేడి అంతా బానెట్ కింద గుమిగూడి పైపులో పెట్రోలును ఆవిరి చేస్తోంది. అందుకే బండి మళ్లీ స్టార్ట్ కాదు. ఆ పైపు ఎండిన కట్టెలా గట్టిపడి ఉంది. ఎప్పుడో ఒకనాడు పగిలి అంటుకునేదే.

టార్చి వేసి టర్బో చుట్టూ చూస్తున్నవాడు ఒకచోట ఆగిపోయాడు. అక్కడ నాలుగు బోల్టు రంధ్రాలున్నాయి, బోల్టులు లేవు. తర్వాత గట్టు మీద కూలబడి టార్చి పక్కన పెట్టాడు.

"ఈడ ఒక రేకు ఉండాలె బిడ్డా. వేడి ఇవుతలికి రాకుంట అడ్డం. గా రేకు తీసింది నేనే."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"సప్పుడు అయితుందని మీ అన్న తెచ్చిండు. రేకు ఊగుతుంది. షోకుకు పెట్టిండ్రనుకోని తీసి పాత సామాన్ల ఏసిన. సప్పుడు పోయింది. మీ అన్న ఖుషీగ పోయిండు. తర్వాత ఆయన పరేషాన్ అంతా నా వల్లనే."

ఈ మాట ఆయన చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. తెలిసిన ఒక్కడూ బతికి లేడు. కొత్త రేకు వేసి, రోగం దొరికిందని చెప్పి, నా చేత శభాష్ అనిపించుకోవచ్చు. అదంతా ఇప్పుడు ఆలోచిస్తున్నాను. ఆ రోజు నాకు కనబడింది మా అన్న ఒక్కటే. సెలవుల్లో వచ్చినప్పుడల్లా ఆ బానెట్ కింద వంగి, వేళ్లు కాల్చుకుని, అవ్వ ముందు తల దించుకుని నిలబడే మా అన్న. కారు తాళం మేస్త్రి పక్కన పెట్టి, బస్సెక్కి ఇంటికి వచ్చేశాను.

ఎనిమిది రోజులు అటు వెళ్లలేదు. తొమ్మిదో రోజు అవ్వ అడిగితే జరిగింది చెప్పాను. అవ్వ కూరగాయలు తరగడం ఆపి కత్తిపీట పక్కకు జరిపింది.

"అడగకముందే ఒప్పుకున్నడంటే మనసుల ఎంత గోస పడ్డడో. పోయి బండి తెచ్చుకో."

వెళ్లాను. ఇద్దరమూ ఆ మాట ఎత్తలేదు. ఆయన అట్టముక్కతో కొలత తీసి, రెండు రేకులను టర్బో వంపుకు తగ్గట్టు సుత్తితో వంచి, మధ్యలో వేలెడు సందు వదిలి బిగించాడు. ఆ సందులోని గాలే అసలు అడ్డమట. పొగగొట్టం మొదటి వంపులో వెంట్రుకంత పగులు కనబడితే దాన్ని అతికించాడు. పెట్రోల్ పైపు కొత్తది వేసి అవతలి పక్క నుంచి తిప్పాడు. మళ్లీ మైనం, మళ్లీ లక్క, మళ్లీ సుల్తానాబాద్. బంద్ చేసి అరగంట నిలబడ్డాం. లక్క చుక్క పెట్టింది పెట్టినట్టే ఉంది. ఆయన జేబు పుస్తకం తీసి రాసుకున్నాడు. ఏం రాశారని అడిగితే, తప్పు ఎవరిదో కూడా రాశానన్నాడు.

దూరం నడిపి వచ్చాక వెంటనే ఇంజన్ ఆపొద్దని, రెండు నిమిషాలు నిదానంగా తిరగనిచ్చి ఆపమని నాకు నేర్పాడు. "ఉరికొచ్చినోన్ని ఎంటనే పండవెడ్తమా?" అనేవాడు.

ఆ తర్వాత ఏడాది నేనొక తప్పు చేశాను. ఒకావిడ జ్వరాన్ని మలేరియా అనుకుని వారం రోజులు మందులిచ్చాను. అది టైఫాయిడ్. మందు మార్చి, సంగతి చెప్పకుండా ఊరుకోవచ్చు. ఆమె భర్తను పిలిచి, పొరపాటు నాదేనని చెప్పాను. ఆమె బతికింది. ఇప్పటికీ నా దగ్గరికే వస్తుంది. నాకు చదువు చెప్పిన ప్రొఫెసర్లు చాలామంది ఉన్నారు. పొరపాటు నాదేనన్న మాట పలకడం నేర్పింది మాత్రం మేస్త్రి.

మొన్న వాళ్లింటికి వెళ్లేసరికి ఆయన్ని వాకిట్లో పడుకోబెట్టారు. లారీల వాళ్లు రోడ్డు పొడుగునా బండ్లు ఆపుకుని వచ్చారు. ఆయన గోళ్ల అంచుల్లో నలుపు అలాగే ఉంది. కూతురు సబ్బుతో ఎంత కడిగినా పోలేదని చెప్పింది. పోనక్కర్లేదన్నాను.

కళ్లు మూసుకుంటే మాత్రం నాకు ఆ వాకిలి కనబడదు. కారు బాగైన ఏడాది దసరా అయ్యాక ఒక పొద్దున, నిర్మల్ దాటాక వచ్చే ఘాట్ పైన మేం ముగ్గురం ఆగిన చోటు కనబడుతుంది. అవ్వ ముందు సీట్లో కూర్చుంది. ఎంత చెప్పినా వినకుండా మేస్త్రి వెనకాల ఇరుకులో మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని వచ్చాడు. పైకెక్కాక బానెట్ ఎత్తి, ముట్టి చూసి, మళ్లీ వేశాడు. అక్కడ ఒకామె గంపలో సీతాఫలాలు పెట్టుకుని కూర్చుంది. అవ్వ ఒక పండు కొని రెండుగా విరిచింది. ఆయన తన నల్లటి చేతులు చూపించి వద్దన్నాడు. అవ్వ తన కొంగుతో ఆయన అరచెయ్యి తుడిచి, అందులో సగం పండు పెట్టింది. ఆయన లోయ వైపు తిరిగి నిలబడి ఆ పండు తింటున్నాడు. ఒక్కొక్క గింజా అడవిలోకి ఉమ్ముతూ, ఏ తొందరా లేకుండా.