కుడి చెవి

ఎడమ చెవి పోయింది, కుడిదాని సంగతి కూడా చెప్పలేనని డాక్టరు అన్నప్పటి నుంచి టైలరుకు పాటల ఆకలి పెరిగింది. కుర్రతనంలో కొని, నచ్చక అటక మీద పడేసిన రెండు రికార్డులు కిందికి దించాడు. ఎవరూ పట్టించుకోని ఓ కెనడా సైకెడెలిక్ రాక్ బృందానివి అవి, గిటార్ల హోరుతో మత్తెక్కించే పాటలు. ఇంత మంచి పాటల్ని ఇన్నేళ్ళూ ఎలా వదిలేశానా అనుకుంటూ, రోజూ మధ్యాహ్నం మిషను ఆపి, మెడలో కొలత టేపు తీయకుండానే, స్పీకరుకు కుడి చెవి ఆనించి కళ్ళు మూసుకుని వింటాడు. పొద్దంతా సూదితో బతికే ఆ చెయ్యి, రికార్డు మీద ముల్లు దించేటప్పుడు మాత్రం గీత పడుతుందేమోనని ఆచితూచి కదులుతుంది. నిన్న గిటారు ఉరుముతుండగా ఉన్నట్టుండి అంతా నిశ్శబ్దమైపోయింది. కళ్ళు తెరిచే ధైర్యం చాలక గోడ పట్టుకుని ఉండిపోయాడు. భుజం మీద చెయ్యి పడింది.

"ఏంటండీ ఆ చెమటలు? కరెంటు పోయింది, అంతే," అంది భార్య.

ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఇంకోసారి అనవే," అన్నాడు.