ఎత్తితేనే ఉన్నట్టు

నా కంప్యూటరులోంచి "టక్"మని ఒక చప్పుడు వస్తుంది, పాత తలుపుకి గడియ పడినట్టు. ఒక గడి నింపి ఇంకో గడిలోకి వెళ్ళినప్పుడల్లా మా సాఫ్ట్‌వేర్ చేసే చప్పుడది. ఇప్పుడు ఆ గడులు నింపుతున్నది నేను కాదు. నా చేతులు రెండూ టీ గ్లాసు చుట్టూ ఉన్నాయి. తెర మీద బాణం గుర్తు తనంతట తానే నడిచి వెళ్ళి పేరు రాసింది, ఊరు రాసింది, పుట్టిన తేదీ దగ్గర ఓ క్షణం తటపటాయించి ముందుకు సాగింది. ఏఐ అసిస్టెంటుకీ మా పాత డెస్క్‌టాప్ ప్రోగ్రాముకీ మధ్య నేనో చిన్న వంతెన కట్టాను. దాని గుండా అది మా తెర చూస్తుంది, బటన్లు నొక్కుతుంది, ప్రోగ్రాము ఎక్కడైనా ఆగిపోతే ఎందుకాగిందో వెతికి చెబుతుంది. మొదటి రోజే, నేను రెండు వారాలుగా వెతుకుతున్న ఒక తప్పును టీ చల్లారేలోగా పట్టి ఇచ్చింది. థాంక్స్ అని టైపు చేశాను. సంతోషం అని జవాబిచ్చింది. ఆ రోజు మా ఆఫీసులో జరిగిన సంభాషణ మొత్తం అంతే.

ఆఫీసంటే అమలాపురంలో ఓ సైకిళ్ళ దుకాణం మీద రెండు గదులు. గల్ఫ్ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే ఏజెంట్ల కోసం, దరఖాస్తులు నింపే ప్రోగ్రాము తయారుచేస్తాం. "చేస్తాం" అనడం పాత అలవాటు. ఒకప్పుడు ఏడుగురం. యజమాని కాకినాడలో ఉంటూ నెలకోసారి వస్తారు. తక్కినవాళ్ళు ఒక్కొక్కరే మంచి ఉద్యోగాలకు వెళ్ళిపోయారు. నేను మిగిలాను. ఇంజనీరింగు ఇక్కడే చదివి ఇక్కడే ఉద్యోగం చేస్తున్నవాణ్ణి కాబట్టి నన్ను చూసి జనం మొదట ఆశ్చర్యపోతారు, తర్వాత జాలిపడతారు. రెండూ నాకు అలవాటే.

ఆ టక్‌మనే చప్పుడు పెట్టించింది మంగతాయారు గారు. ఆఫీసంతా పిన్నిగారు అనేవాళ్ళం. కొత్తపేట టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా మొదలుపెట్టి, మనుషులు కలిపే ఫోన్లు పోయి మిషన్లు కలిపే ఫోన్లు వచ్చాక కౌంటరులో కూర్చుని, రిటైరయ్యాక మా యజమానికి దూరపు చుట్టరికం వల్ల మా దగ్గర టెస్టరుగా చేరారు. టెస్టింగంటే ఏమిటో ఆవిడకి నేర్పే పని ఇరవై మూడేళ్ళ నాకు అప్పగించారు. చాలా శ్రద్ధగా రెండు గంటలు బోధించాను. అంతా విని, ఆవిడ తెర వంక చూసి అన్నారు:

"బాబూ, గడి నిండినప్పుడు టక్‌మనాలి. మా బోర్డులో పిన్ను దిగితే టక్‌మనేది. చప్పుడు లేకపోతే దిగిందో లేదో వేలికెలా తెలుస్తుందండీ?"

పిన్ను దిగగానే పని అయిపోయినట్టు కాదని కూడా ఆవిడే చెప్పారు. రాజోలు వాళ్ళనీ రాయవరం వాళ్ళనీ కలిపాక, ఆపరేటరు ఓ క్షణం చెవి పెట్టి వినాలట. అవతలి మనిషి మాట ఇవతలికి వస్తోందా, ఇవతలి మనిషి మాట అవతలికి వెళుతోందా అని.

"అంటే అందరి మాటలూ వినేసేవారన్నమాట" అన్నాను.

"ఆయ్. 'హలో' వరకే వినేదాన్ని. ఆ తర్వాతది వాళ్ళిష్టం. కలిపితే సరిపోదు బాబూ. మోగిందంటే మనిషున్నట్టు కాదు, ఎత్తితేనే ఉన్నట్టు."

నేను దీన్ని రిటైరైనవాళ్ళ జ్ఞానం అనే ఖాతాలో వేసి మర్చిపోయాను.

గుర్తు చేసింది ఉప్పలగుప్తం నుంచి వచ్చిన ఒక తల్లి. ఆవిడ కూతురు వరలక్ష్మి కువైట్‌లో ఓ ఇంట్లో పనికి వెళ్ళి, మెట్ల మీంచి పడి తొడ ఎముక విరిగి ఆసుపత్రిలో పడింది. అక్కడివాళ్ళు దరఖాస్తు తీసి, "అవసరమైతే ఎవరికి చెప్పాలి" అన్న గడిలోని నంబరుకి ఫోన్ చేశారు. అది కూతుర్ని పంపిన ఏజెంటు ఆఫీసు నంబరు. ఆ గడి నింపకపోతే మా ప్రోగ్రాము ముందుకు కదలదు. అందుకని ఆ ఏజెంటు గుమస్తా అందరికీ తమ ఆఫీసు నంబరే వేసేవాడు. ఆఫీసుకి సెలవులు. కూతురు పడిందని తల్లికి తెలిసేసరికి ఐదు రోజులు. సాఫ్ట్‌వేరులోనే తప్పుందని ఏజెంటు మా మెట్లు చూపించాడు.

నేను వినయంగా వివరించాను. గడి ఉంది, నంబరు ఉంది, పది అంకెలూ సరిగ్గా ఉన్నాయి, మా పరీక్షలన్నీ పాసయ్యాయి.

ఆ తల్లి నా మాట పూర్తిగా విని, చీర కొంగు ముడి విప్పింది. అందులో చిన్న బటన్ల ఫోను. "ఇది కొంగునే కట్టుకు తిరిగేనండి. నీళ్ళకెళ్ళినా కూడానే. ఒక్కసారీ మోగలేదండి" అంది.

పిన్నిగారు లేచి, ఆ ఫోన్ నంబరు అడిగి, మా ఆఫీసు ఫోన్ నుంచి కలిపారు. ఆ తల్లి చేతిలోది మోగింది. ఆవిడ కంగారుగా ఎత్తి, "హలో" అంది. ఎదురుగా నిలబడి ఉన్న పిన్నిగారు కూడా ఫోన్‌లోనే జవాబిచ్చారు: "ఆయ్, వినపడుతున్నారమ్మా."

వరలక్ష్మి కొన్ని నెలలకి చేతికర్రతో ఇల్లు చేరింది. ఆ అమ్మాయి వచ్చేలోగానే మా ప్రోగ్రాములో ఆ గడి పక్కన డయల్ బటనొకటి చేరింది. దాని పక్కన "ఎత్తారు" అని ఇంకో చిన్న గడి. ఫోన్ చేసి, అవతలి మనిషి పలికాకనే అక్కడ టిక్కు పెట్టాలి. పాత దరఖాస్తుల నంబర్లన్నిటికీ పిన్నిగారే ఫోన్లు చేశారు. "నమస్కారమండి, అమలాపురం నుంచండి. ఎవరికీ ఏం కాలేదు, కంగారు పడకండి. మీరున్నారో లేదో చూస్తున్నాం." ఇలా అంటే కంగారు పడనివాడు కోనసీమలో లేడు. ఒకాయన మాత్రం నిదానంగా, "ఇప్పటికైతే ఉన్నానండి, మీరో?" అన్నాడట. ఆ రోజంతా ఆవిడ నవ్వుతూనే ఉన్నారు.

మోకాళ్ళు మెట్లకి ఒప్పుకోకపోవడంతో ఆవిడ ఉద్యోగం మానేశారు. కొత్తపేటలో ఒక్కరే ఉండేవారు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. నన్నూ ఆవిడ అడగలేదు. మా స్నేహానికి అదొక పునాది.

ఏఐని ప్రోగ్రాముకి కలిపిన కొత్తలో, చూడ్డానికి రమ్మని ఫోన్ చేశాను. మెట్టుమెట్టుకీ ఆగుతూ ఎక్కి వచ్చారు. నేను గొప్పగా మీట నొక్కాను. బాణం దానంతటదే కదిలింది. టక్, టక్, టక్. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని చివరిదాకా చూశారు. అన్నీ పాస్, ఆకుపచ్చ గీతలు.

"ఫోను గడిలో ఏం వేసింది బాబూ?"

"పది తొమ్మిదులండి."

"అదెవరి నంబరు?"

"ఎవరిదీ కాదండి. పరీక్షకి."

"ఫోను మోగలేదు కదా. మరి ఎత్తేరని టిక్కెవరు పెట్టేరు?"

నేను చూశాను. అదే పెట్టుకుంది. ఆ టిక్కు లేకపోతే ముందుకు కదలదని గ్రహించి, తెలివిగా పెట్టేసుకుంది. రాజుల కాలం నుంచీ గుమస్తాలు చేస్తున్న పనిని దానికెవరూ నేర్పలేదు.

"మీ వాడు చురుకైనవాడేనండీ" అన్నారు పిన్నిగారు. "ఆ ఏజెంటు దగ్గర ఉద్యోగం దొరుకుద్ది."

తర్వాత సరిచేస్తానని చెప్పి టీ పెట్టడానికి పక్క గదిలోకి వెళ్ళాను. వెనక నుంచి రెండు వేళ్ళతో మెల్లగా టైపు చేస్తున్న చప్పుడు. టక్. టక్. పాలు పొంగుతుండగా జేబులో నా ఫోన్ మోగింది. గిన్నె దించి ఎత్తాను.

"నేనే బాబూ. నీ వెనకే ఉన్నాను. ఎత్తుతావో లేదో చూసేను."

"ఎత్తానుగా పిన్నిగారూ."

"ఆయ్. అయితే టిక్కు పెట్టేస్తున్నా."

వేళాకోళమనుకున్నాను. ఆవిడ ఏ ఫారం నింపారో చూడలేదు.

ఓ రెండు నెలల తర్వాత, ఒక కొనుగోలుదారు ఎదుట ఈ ఆటోమేటిక్ పరీక్షల ప్రదర్శన పెట్టాను. ఫోన్ సైలెంటులో పెట్టి జేబులో వేసుకున్నాను. పదకొండున్నర ప్రాంతంలో అది మూడుసార్లు వణికింది. తీసి చూస్తే తెలియని ల్యాండ్‌లైన్ నంబరు. అప్పులిస్తామనేవాళ్ళు కాబోలనుకున్నాను. పరీక్షలన్నీ పాసయ్యాయి. కొనుగోలుదారు చేయి కలిపారు. ఒంటిగంటన్నరకి తీరుబడిగా ఆ నంబరుకి తిరిగి చేస్తే, ఒక నర్సు ఎత్తింది. మంగతాయారు గారికి పొద్దున గుండెలో నొప్పి వస్తే పక్కింటివాళ్ళు ఆసుపత్రిలో చేర్చారట. ఎవరికి చెప్పాలని అడిగితే నా నంబరు చూడకుండా చెప్పారట.

"మోగుతోంది గాని ఎత్తడం లేదండీ అన్నానండి. 'పనిలో ఉండుంటాడు, ఎత్తేవాడే' అన్నారండి" అంది నర్సు. పన్నెండుకి పోయారని చెప్పింది.

ఆసుపత్రికి బయల్దేరాను.

కర్మకాండలు ముగిశాక ఆఫీసుకొచ్చి ఆ రోజు ఆవిడ నింపిన ఫారం తెరిచాను. పేరు మంగతాయారు, ఊరు కొత్తపేట, వెళ్ళే దేశం ఖాళీ. అవసరమైతే ఎవరికి చెప్పాలి: నా నంబరు. ఎత్తారు: టిక్కు.

ఆ మధ్యాహ్నమే ఏఐకి ఇచ్చే సూచనలు మార్చాను. పది తొమ్మిదులు కొట్టేశాను. రోజూ పదకొండున్నరకి, మొదటి పరీక్షగా ఆవిడ ఫారమే నింపాలి. డయల్ నొక్కాలి. అక్కడ ఆగాలి. టిక్కు పెట్టే హక్కు దానికి లేదు. మనిషి పలికాక, ఆ మనిషే పెట్టాలి. మిగతా ప్రోగ్రామంతా దాని ఇష్టం. చక్కగా చేస్తుంది, నాకంటే ఓపిక ఎక్కువ.

ఆ తర్వాత నా ఫోన్ సైలెంటులో పెట్టలేదు. తెలియని నంబర్లన్నీ ఎత్తుతాను. అప్పులిస్తామనేవాళ్ళు నన్ను ఈ జిల్లాలోకెల్లా మర్యాదస్తుడిగా లెక్కేస్తున్నారని నా అనుమానం. పరీక్ష కోసం ఎప్పుడో నింపుకున్న నా సొంత ఫారంలో మాత్రం ఆ గడిలో ఇప్పటికీ ఆఫీసు నంబరే ఉంది. ఆఫీసులో ఉండేది నేనొక్కణ్ణే కాబట్టి, నాకేదైనా అయితే ముందు నాకే ఫోన్ వస్తుంది. మార్చాలని తరచూ ఆ గడి దాకా వెళతాను. వేళ్ళు కీబోర్డు మీద పెట్టి కూర్చుంటాను. ఎవరి నంబరూ తోచదు. మూసేస్తాను.

ఇవాళ కూడా పదకొండున్నర అయింది. టీ చల్లారింది. బాణం నడిచి వెళ్ళి ఆవిడ పేరు రాసింది. టక్. కొత్తపేట. టక్. నా పది అంకెలు. టక్. డయల్ నొక్కి నిలబడింది.

బల్ల మీద నా ఫోన్ మోగింది. అవతల ఎవరూ ఉండరని నాకు తెలుసు. మొదటి మోతకే ఎత్తాను.

"ఆయ్, ఉన్నానండి" అని, ఓ క్షణం చెవి పెట్టి విని, టిక్కు పెట్టాను.