గుర్రపు వెంట్రుక తంతి

2012 ఫిబ్రవరిలో ఆదివాసీ పెద్దల కథలూ పాటలూ రికార్డు చేసే పని మీద నన్ను అశోక్‌నగర్‌లోని ఒక స్టూడియోకు వేశారు. అప్పటికి నేను సీనియర్ రికార్డిస్టును. మైకులు అమర్చడం, శబ్దస్థాయి చూడడం, యంత్రం నడపడం, ఆపడం నా బాధ్యతలు.

ఆ రోజు ఇద్దరు పెద్దలు వచ్చారు. ఆదిలాబాద్ నుంచి జంగు గారు. గోండుల వంశకథలు పాడే పర్ధాన్. మంగోలియా నుంచి అతిథిగా బాతార్ గారు. గుర్రాల కాపరి, గాయకుడు. ఆయన దుభాషి నారాయణగూడ ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయాడు.

జంగు గారు ముందు పాడారు. ఆయన వాద్యం కీక్రి; కమానుతో వాయిస్తారు, మూడు తంతులుంటాయి. గుహలో బందీలైన దేవతలు బయటికొచ్చే ఘట్టంలో ఒక నైలాన్ తంతి ఫట్‌మని తెగింది. కొత్తది తెప్పించి, అక్కడి నుంచి పాడితే రికార్డింగు ముక్కలు రెండూ అతికిస్తానన్నాను.

“గట్ల గాదమ్మా,” అన్నారాయన. “దేవుండ్లు సగం మంది గుహల్నే ఉన్నరు. గిప్పుడు ఆపితే ఆళ్లు ఏడికి పోవాలె?”

నేను ఆపే మీట నొక్కలేదు; యంత్రం నడుస్తూనే ఉంది. ఆయన దగ్గర వేరే తంతి లేదు. చిక్కడపల్లి దుకాణాల్లో వెతికించే వ్యవధీ లేదు. సాయంత్రం ఆయనకు రైలు.

అంతలో బాతార్ గారు లేచి వచ్చి కీక్రిని తడిమి చూశారు. తన పెట్టె తెరిచి గుర్రపు తోక వెంట్రుకల కట్ట తీశారు. ఇద్దరికీ ఉమ్మడి భాష ఒక్క ముక్క లేదు. ఒకరు కొస పట్టుకుంటే ఒకరు పేనారు. పేనుతూనే జంగు గారు చిన్న గొంతుతో కథ అందుకున్నారు. బాతార్ గారు గొంతు లోతుల్లోంచి ఒక మంద్రస్వరం తీసి దాని కింద నిలిపారు. నేను హెడ్‌ఫోన్లలో వింటున్నాను. ఊపిరి గట్టిగా తీస్తే అదీ రికార్డవుతుందేమోనని భయం.

తంతి బిగించి కమాను ఆనించగానే బొంగురుగా, వెచ్చగా ఒక నాదం గదంతా నిండింది. దేవతలు గుహ దాటారు. కథ ముగించి జంగు గారు చాలాసేపు కీక్రిని ఒళ్లోనే పెట్టుకున్నారు.

“మా తాత గుర్రపు ఎంటికెల తంతితోని వాయించినప్పటి సప్పుడిది,” అన్నారు. “మల్ల ఇంటననుకోలె.”

బాతార్ గారు మిగిలిన కట్టంతా ఆయన చేతిలో పెట్టారు.

ఆ తర్వాత పదవీ విరమణ దాకా, పెద్దలు చెబుతుండగా ఏది తెగినా, ఎవరు దగ్గినా నేను యంత్రం ఆపలేదు. కథ ఎప్పుడు ముగిసిందో చెప్పాల్సింది చెప్పేవాళ్లు. అందాకా వింటూ ఉండడమే రికార్డిస్టు పని.