మెదడుకు పొట్టు తీసిన వైనం

పలాసలో పుట్టినవాడికి ఉప్మాలో విరగని గుండు పప్పు ఒక్కటైనా తగలదు. ఊరంతా జీడిపప్పే, మన పళ్లెంలోకి మాత్రం నూక. ఈ ఫిర్యాదుకూ, నేనొక మెదడును సర్వనాశనం చేయడానికీ సంబంధం ఉంది. చెబుతాను. మెదడు ఎలాగూ పోయింది, తొందరేం లేదు.

డిగ్రీ అయ్యాక విశాఖలోని ఒక పరిశోధనశాల వాళ్లు నాకు పరీక్షగా ఇంటి నుంచి చేసే పని ఒకటి ఇచ్చారు. తల స్కాన్ బొమ్మలు ఇస్తే, మెదడు మీది ముడతలన్నీ గీసి చూపే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. అది అప్పుడప్పుడు పుర్రె కింది పొరను కూడా మెదడే అనుకుంటుంది. ఆ పొరను మనం మౌస్‌తో చెరిపి, మళ్లీ నడిపించాలి. పొద్దున పెడితే సాయంత్రానికి ఫలితం. శుక్రవారంలోగా ఒక్క తల శుభ్రంగా చేసి పంపితే ఉద్యోగం ఖాయమన్నారు అక్కడి మేడమ్. నేర్చుకునేవాడి చేతికి పరాయి తల ఎందుకని, నా తలనే స్కాన్ తీయించి ఇచ్చారు. దూరదృష్టి గల మనిషి.

మా సుందరత్త, నాన్నకు అక్క, జీడి ఫ్యాక్టరీలో ఇరవయ్యేళ్లు పొట్టు తీసిన చెయ్యి. తెర మీద నా మెదడును చూసి మురిసిపోయింది.

"ఓలమ్మ, గుండు పప్పులాగుందిరా! ఈ అంచున పొట్టేటి అలా ఒగ్గీసినావు?"

"అది పొరత్తా. తీత్తన్నాను."

"మరి దాని కిందన బూడిద రంగుదో?"

చూశాను. తెల్లటి పప్పు చుట్టూ బూడిద రంగు పట్టీ. పలాస రక్తం ఊరుకుంటుందా? రవ్వంత పొట్టు మిగిలినా పప్పు గ్రేడు పడిపోతుందని మాకు ఉగ్గుపాలతోనే పట్టేస్తారు. చెరిపాను.

సాయంత్రం సాఫ్ట్‌వేర్ నా మెదడు నిండా చిల్లులు చూపించింది.

"ఇంకా పొట్టుందిరా అల్లుడూ, అందుకే. సూడు, అదిగో ఆ మూల!"

ఆ మూలా చెరిపాను. మర్నాటికి చిల్లులు చెరువులయ్యాయి. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కించాను. లాప్‌టాప్‌ను ఫ్యాన్ కింద కూర్చోబెట్టాను. కరెంటును తిట్టాను, దానికి అలవాటే. కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్లున్నారు. నేను ఎలుక కోసం కొండనే లేకుండా చేశాను.

గురువారం సాయంత్రం నివేదిక వచ్చింది. బూడిద పొర మందం: సున్నా.

మేడమ్‌కు వీడియో కాల్ చేశాను. "మీ సాఫ్ట్‌వేర్‌లో చిన్న లోపం ఉన్నట్టుందండీ" అన్నాను, ఆవిడ నొచ్చుకోకుండా.

"ఏం చెరిపారు?"

"పొట్టండీ."

"ఏ పొట్టు?"

"ఆ బూడిద రంగుదండీ."

ఆవిడ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. "బాబూ, మనిషి ఆలోచించేది దాంతోనే."

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. అందరూ మాటవరసకంటారు, నేను మౌస్‌తో చేసి చూపించాను.

అదృష్టం, అసలు ఫైలు మేడమ్ దగ్గర పదిలంగా ఉంది. శుక్రవారం తెల్లారుతూనే పుర్రె కింది పొర ఒక్కటే చెరిపి నడిపించాను. సాయంత్రానికి ముడతలు ముచ్చటగా వచ్చాయి, వెనకే ఉద్యోగమూ వచ్చింది. ఆ రోజు నూక ఉప్మా సాక్షిగా ఒట్టేశాను: ఇకపై ఏ తలలోనూ తెలుపు కోసం ఆశపడను, బూడిద రంగు ఎదురైతే దణ్ణం పెట్టి పక్కకు తప్పుకుంటాను.

జరిగిందంతా అత్తకు చెప్పాను. శ్రద్ధగా వింది.

"అయితే ఆ బూడిద రంగుదేనేటి, తెలివంటే?"

"అవునత్తా."

"ఉన్నదే కూసింత. అదీ గోకీసినావా?"