గోలీ ఎంచిన పెంక

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒకే వస్తువుకు రెండు పేర్లుండేవి. అట్లు పోసుకునే ఇనప పళ్లేన్ని మా అమ్మ 'పెనం' అనేది. ఆమెది మధిర. మా నాయనమ్మ 'పెంక' అనేది. ఆమె పుట్టిందీ పెరిగిందీ జూలూరుపాడు. పొయ్యి దగ్గర ఒకరు పెనం దించమంటే ఇంకొకరు పెంక దించమనేవారు. నాకు రెండు మాటలూ వచ్చు కాబట్టి నేనేదో చాలా తెలివైనదాన్నని అనుకునేదాన్ని. ఇప్పుడు తలలో నాలుగు తెల్లవెంట్రుకలు కనిపించగానే మా పిల్లలు నన్ను పెద్దవాళ్ల లెక్కలో కలిపేశారు కదా, పెద్దరికం వచ్చినందుకైనా ఆ పెంక సంగతి చెప్పాలి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, నాకు పదేళ్లప్పటి మాట. ఏటా ఎండాకాలం సెలవుల్లో మా చర్చి సంఘం వాళ్లందరం మూడు రోజులు గోదావరి ఒడ్డుకు కూడికకు పోయేవాళ్లం. పర్ణశాల దాటాక ఒక మామిడితోటలో డేరాలు వేసేవారు. పొద్దున పాటలు, ప్రార్థన. ఎండ ముదిరేదాకా నీళ్లలో ఆటలు. కానీ నిజం చెప్పాలంటే సగంమంది వచ్చేది మా నాయనమ్మ పోసే అట్ల కోసం. ఆమె మిషన్ హాస్టల్లో వంటమనిషిగా చేసి మానేసిన మనిషి. మూడు రాళ్లు పేర్చి, పుల్లలు ఎగదోసి, వందమందికి అట్లు పోయడం ఆమెకు సరదా. సంఘంలో ఆమె మాట చెల్లేది ఆ మూడు రోజులే. ప్రార్థనలో పెద్దలు ముందు వరసలో కూర్చుంటే, పొయ్యి దగ్గర వాళ్లంతా ఆమె ముందు ఆకులు పట్టుకుని నిలబడేవాళ్లు.

ఆ ముందు ఏడాది ఆమె పరువు పోయింది. తోటకు చేరాక చూసుకుంటే పెంక ఇంట్లోనే మర్చిపోయింది. మా మామయ్య, అంటే మా మేనత్త భర్త, పని ఉండి ఆ రోజుకు జూలూరుపాడులోనే ఆగిపోయాడు. మర్నాడు పొద్దున్నే వస్తానన్నాడు. ఆయనది కృష్ణా జిల్లా, కొత్త అల్లుడు. నాయనమ్మ పక్క ఊరికి నడిచిపోయి, రూపాయి డబ్బా ఫోనులో మా పక్కింటికి చేసి, ఆయన్ని పిలిపించి గట్టిగా అరిచి చెప్పింది. "అల్లుడా! పెంక మర్చిపోయినమయ్యా. ఇంటెనకల గోడకు ఆనిచ్చి ఉంటది. జెర తీసుకరా!"

మామయ్య చాలా జాగ్రత్త మనిషి. మర్నాడు వచ్చి, గోనెసంచి విప్పి, రెండు బెంగుళూరు పెంకులు తీసి మా నాయనమ్మ ముందు పెట్టాడు. శుభ్రంగా కడిగి, మధ్యలో గడ్డి పెట్టి మరీ తెచ్చాడు. ఇంటి వెనక గోడకు ఆనించి ఆ పెంకుల దొంతర కూడా ఉండేది మరి. ఒకటి అడిగితే రెండెందుకు తెచ్చావని ఎవరో అడిగితే, "దారిలో ఒకటి పగిలితేనో అండీ" అన్నాడు. వాళ్ల వైపు పెంకంటే ఇంటి కప్పు మీదిదే. అట్లు పోసేది పెనం. ఆయన తప్పేముంది!

తోటంతా కడుపు పట్టుకుని నవ్వింది. కానీ ఆ పూట గిన్నెమూత మీద పోసిన అట్లు ఒకవైపు మాడి, ఇంకోవైపు పచ్చిగా ఉండి, సగం నేలపాలయ్యాయి. అప్పటినుంచి కుర్రకారు మా నాయనమ్మను చాటుగా 'పెంకమ్మ' అనడం మొదలుపెట్టారు. మేం ఇల్లు చేరేసరికి వెనక గోడకున్న అసలు పెంకను ఎవరో ఎత్తుకుపోయారు. ఏడాదంతా మా అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న చిన్న పెనంతోనే గడిపాం.

మళ్లీ ఎండాకాలం వచ్చింది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక సంఘపెద్ద మా నాయనమ్మ దగ్గరకొచ్చి మెత్తగా చెప్పాడు. "పెద్దమ్మా, ఈసారి నువ్వు నీడపట్టున కూసో. గ్యాసు పొయ్యి తెస్తున్నం. వంటమనిషిని గూడ మాట్లాడినం." ఆయన మర్యాదగానే అన్నాడు. అయినా ఆమె ఆ మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని పాస్టరమ్మ ఇంటికి పోయి, గుమ్మంలోనే నిలబడి అడిగింది. "ఒక్క పూట నాకియ్యి తల్లీ. మొదటిరోజు పొద్దుగాల టిఫిను. గది గిట్ల చెడిపోతే ఇంక పొయ్యి ముట్ట." పాస్టరమ్మ సరేనంది.

ఇక పెంక కొనాలి. ఇంట్లో కట్టెల పొయ్యికీ పనికిరావాలి, తోటలో రాళ్ల పొయ్యికీ పనికిరావాలి. ముందు కొత్తగూడెంలో పెద్ద సామాన్ల షాపుకు పోయాం. అక్కడ నా కళ్లు ఒక నాన్‌స్టిక్ పెనం మీద పడ్డాయి. నల్లగా అద్దంలా మెరుస్తోంది, దానికి ఎర్రటి పిడి. ఏదీ అంటదట, గుడ్డతో తుడిస్తే చాలట. అది తప్ప ఇంకేదీ వద్దని నేను మొండికేశాను. నాయనమ్మ కోప్పడలేదు. "సరే, నీ గోలీ తియ్యి" అంది.

నా గౌను జేబులో ఎప్పుడూ ఒక గోలీ ఉండేది, లోపల పచ్చటి తీగ మెలికలు తిరిగినది. మగపిల్లలతో ఆడి గెలిచింది కాబట్టి ప్రాణంతో సమానం. నాయనమ్మ ఆ పెనాన్ని తీసుకుపోయి షాపు బయట ఏటవాలు మెట్టు మీద పెట్టి, నడుమ గోలీ వదిలింది. అది సర్రున జారి, అంచు దాటి, మురికి కాలవ వైపు పరుగు తీసింది. నేను దాని వెనక పరుగెత్తాను. షాపులో ఉన్న రేకు పెనాలన్నీ అలాగే ఒక్కొక్కటిగా మెట్టు మీదికొచ్చాయి. ప్రతిసారీ గోలీ కిందికి, నేను దాని వెనక. చివరికి షాపాయన విసుగొచ్చి, "ఏందమ్మా, కొననీకొచ్చినవా, గోలీలాటకొచ్చినవా?" అన్నాడు. నాకు సిగ్గేసి ఏడుపొచ్చింది. నాయనమ్మ మాత్రం నవ్వుతూ ఆయనకు దండం పెట్టి బయటికి నడిచింది.

ఆ వారం జూలూరుపాడు సంతలో ఒక కమ్మరి దగ్గర కూర్చున్నాం. ఆయన స్వయంగా కొట్టిన పెంకలు నాలుగైదు పరిచి పెట్టాడు. నాయనమ్మ ఒక్కోదాన్నీ వేలితో కొట్టి చెవి ఆనించి వింది. ఎండకెత్తి అంచుల్లో చీలిక ఉందేమో చూసింది. తర్వాత ఒక రాయి మీద ఒరిగేలా పెట్టి నా గోలీ వదిలింది. అన్నీ జారవిడిచాయి. అప్పుడామె చూపు కమ్మరి వెనక బొగ్గుల పక్కన పడి ఉన్న ఇంకోదాని మీదికి పోయింది. మందంగా, సుత్తి దెబ్బల మచ్చలతో, నడుమ కాస్త లోపలికి దిగి, చూడ్డానికే వికారంగా ఉంది. రెండు వైపులా చెవుల్లాంటి కడియాలున్నాయి. "గది చెడిపోయిందమ్మా, నడిమిట్ల దిగిపోయింది. మల్ల కాల్చి సాపు చెయ్యాలె" అన్నాడు కమ్మరి.

నాయనమ్మ దాన్ని రాయి మీద ఒరగబెట్టి గోలీ వదిలింది. గోలీ అంచుదాకా పోయింది. నేను పట్టుకోవడానికి చేతులు చాచాను. అది వెనక్కి మళ్లి, రెండు చుట్లు తిరిగి, వచ్చి నడుమ గుంటలో ఆగింది. రాయిని ఇంకోవైపు తిప్పి చూసింది. మళ్లీ నడుమకే వచ్చింది. కమ్మరి సుత్తి అందుకుని, "ఆగమ్మా, సాపు చేసిస్త" అనబోతే, నాయనమ్మ సంతంతా వినపడేలా అరిచింది. "ముట్టకు! గట్లనే ఉండనియ్యి!"

అప్పుడు నాకు చెప్పింది. ఇంట్లో పొయ్యి ఎవరో సాపుగా కట్టిపెట్టింది. బయట రాళ్లు మన మాట వినవు. ఎంత సర్దినా ఒకటి ఎత్తు, ఒకటి పల్లం. సాపు పెంక మీద నూనె ఒక మూలకు పోతుంది, పిండి దాని వెంట పోతుంది. ఇది మాత్రం ఏ వైపు ఒరిగినా నూనెను నడుమకే తెచ్చుకుంటుంది. మందంగా ఉంది కాబట్టి గాలికి మంట అటూ ఇటూ పోయినా వేడి దిగదు. పిడి లేదు కాబట్టి కాలేది లేదు. ఇంతా చెప్పి, ఆఖరున, "ఎత్తు" అంది. నేను రెండు చెవులూ పట్టుకుని రొమ్ముదాకా ఎత్తాను. "అవ్, గిది మనది. నువ్వు ఎత్తలేనిదైతే ఇంట్లనే పడుంటది, తోటకేం వస్తది" అంది.

ఇంటికి తెచ్చాక వారంపాటు దానికి సేవలు. కాల్చడం, ఉల్లిగడ్డ చెక్కతో రుద్దడం, నూనె పట్టించడం. మొదటి రోజు అట్టు ముక్కలు ముక్కలుగా ఊడింది. ఎర్ర పిడి పెనమైతే ఇలా అంటుకునేదా అని నేను ఎత్తిపొడిచాను. రెండో రోజు సగం ఊడింది. ఐదో రోజు అట్టు తనంతట తానే అంచులెత్తి, అట్లకాడ పెట్టకముందే కదిలింది. ఆ రోజు నేను నోరు మూసుకుని నాలుగు అట్లు తిన్నాను.

కూడిక మొదటి పొద్దున గోదావరి మీంచి గాలి విసిరికొట్టింది. అంత గాలి ఏ ఏడూ లేదు. సంఘం మాట్లాడిన వంటమనిషి, పూట నాయనమ్మదే అయినా, ఎందుకైనా మంచిదని ఇసుకలో గ్యాసు పొయ్యి పెట్టి సిద్ధంగా ఉన్నాడు. సంఘపెద్ద ఆయన పక్కనే నిలబడ్డాడు. వంటమనిషి చేతిలో ఏముందో చూద్దామని దగ్గరికి పోయాను. నేను మనసుపడ్డ పెనమే, ఎర్ర పిడితో సహా.

నాయనమ్మ మూడు రాళ్లు పేర్చి నిప్పు అంటించింది. గాలి మంటను నేలకు వంచేసింది. పెంక వేడెక్కడం లేదు. పిల్లలు ఆకులు పట్టుకుని వరస కట్టారు. ఆమె ఊదుతోంది, పొగకు కళ్లు ఎర్రబడ్డాయి. సంఘపెద్ద చెయ్యి ఊపగానే వంటమనిషి గ్యాసు వెలిగించాడు. అంతా అయిపోయిందనుకున్నాను.

అప్పుడు డేరాల వైపు నుంచి మా మామయ్య గోనెసంచి మోసుకుంటూ వచ్చాడు. దాన్ని విప్పి, రెండు బెంగుళూరు పెంకులు తీశాడు. అవే, ముందు ఏడాదివి. వాటిని గాలి వచ్చే వైపు రాళ్లకు ఆనించి నిలబెట్టాడు. మంట నిటారుగా లేచింది. "అత్తయ్యగారూ, ఈసారి పెంక అన్నా పెంకు అన్నా నా దగ్గర లోటు లేదండీ" అన్నాడు. ఏడాదిగా ఆ మాట ఎత్తితే మొహం ముడుచుకునే మా నాయనమ్మ, పిండిగరిటె చేతిలో పట్టుకుని, కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వింది.

పెంక కాలింది. నీళ్లు చిలకరిస్తే చుక్కలు గంతులేశాయి. మొదటి అట్టు పడింది. నూనె నడుమకు చేరి చిటపటలాడింది. అంచులు లేసులా కరకరలాడుతూ, నడుమ దూదిలా మెత్తగా, గుండ్రంగా లేచింది. ఆ తర్వాత ఒకటి, ఇంకొకటి, ఇక ఆగలేదు. అవతల గ్యాసు మంట గాలికి పక్కకు వాలిపోయింది. ఎర్ర పిడి పెనం ఇసుకలో ఒరిగి పిండంతా ఒక మూలకు జారింది. వంటమనిషి చిరాకుపడి దాన్ని పుల్లల మంట మీద పెట్టాడు. చూస్తూ ఉండగానే ఆ ఎర్ర పిడి మెత్తబడి కిందికి వంగిపోయింది. నేను పైకే నవ్వేశాను. నవ్వింది ఎక్కువగా నన్ను చూసుకునే.

సంఘపెద్ద ఎక్కడా తప్పు ఒప్పుకోలేదు. పెద్దలు అలా ఒప్పుకోరు కూడా. మూడోసారి ఖాళీ ఆకు పట్టుకొచ్చి, పిల్లల వెనక నిలబడి, "రేపు పొద్దుగాల గూడ నువ్వేనా పెద్దమ్మా?" అని మాత్రం అడిగాడు. నాయనమ్మ తలెత్తకుండా, "ముందు గా గ్యాసు పొయ్యి తీసి అవతల పెట్టుమను" అంది. తోటంతా చప్పట్లు కొట్టింది. కుర్రకారు ఈసారి ఎదురుగానే "పెంకమ్మా, ఇంకొకటి!" అని అరిచారు. ఆమె ఆ పేరుకు రాణిలా తలూపింది. వంటమనిషి మంచివాడు. అందరూ తిన్నాక వచ్చి పక్కన కూర్చుని, ఇలాంటిది ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. నాయనమ్మ నన్ను చూపించి, "నా మనవరాలి గోలీ ఎంచింది" అంది. ఆ రోజు నేను నేల మీద నడిచినట్టు గుర్తులేదు.

నాయనమ్మ ఇప్పుడు లేదు. పెంక నా దగ్గరుంది. ఆ రోజు నుంచి ఏ వస్తువైనా, ఏ మనిషి మాటైనా సాపు నేల మీద బాగుంటే నాకు సరిపోదు. నేల ఒరిగినప్పుడు అది ఏమవుతుందో చూడనిదే నమ్మను. మావారు దీన్ని అనుమానం అంటారు. నేను గోలీ అంటాను. మొన్న మా అమ్మాయి ఫోనులో మడిచి పెట్టుకునే పెనాలు చూపించి, కిన్నెరసాని వైపు క్యాంపుకు పోయేటప్పుడు ఇది కొందామని మొండికేసింది. నేను కోప్పడలేదు. పెంక తీసి, పెరట్లో ఒక రాయి మీద ఒరగబెట్టి, పచ్చ తీగ గోలీ దాని చేతిలో పెట్టాను.

మా సంఘం కూడిక సామాను జాబితాలో ఆ ఏడాది నుంచి 'పెంక ఒకటి, పెంకులు రెండు' అని రాయడం ఆనవాయితీ. ఈసారి జాబితా నా చేతికొచ్చినప్పుడు చూస్తే, దాని కిందే వంకర అక్షరాలతో ఇంకో మాట చేరి ఉంది: 'గోలీ ఒకటి'. అది మా అమ్మాయి చేతిరాత.